మిషను దిగాలి, మనిషి కాదు

(పారిశుధ్య కార్మికులు, పల్లెల నుంచి వచ్చిన కార్యకర్తలు కలిసిన సభలో ఒక బడిపంతులు చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని ఇక్కడికి పిలిచినవాళ్లు సైన్సు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మన సభల్లో సైన్సేమిటని కొందరికి అనిపించొచ్చు. మనం కూలి గురించి మాట్లాడతాం, భూమి గురించి మాట్లాడతాం, రిజర్వేషన్ల గురించి, దాడుల గురించి మాట్లాడతాం. సైన్సును మాత్రం అది వాళ్ల సొత్తన్నట్టు వదిలేస్తాం. ఈరోజు ఆ వదిలేసినదాన్నే చేతిలోకి తీసుకుందాం. అది మన ప్రాణాల సంగతి.

మా చిన్నాయన కొడుకు ఒక పట్నంలో కాంట్రాక్టరు కింద డ్రైనేజీ పనికి పోతాడు. పోయిన సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు అన్నం తింటూ మమ్మల్ని ఒక మాటడిగాడు. "అన్నా, మూత తియ్యంగానే కుళ్లిన కోడిగుడ్డు వాసనొస్తది. కాసేపు వొంగి పని చేస్తే ఆ వాసన పోతది. వాసన పోయిందంటే గ్యాసు పోయినట్టే గదా? మేస్త్రి అదే చెప్తాడు. వాసన పోయింది, ఇంక దిగరా అంటాడు."

మా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇరవై ఏళ్లుగా మేము బడిలో పిల్లలకు సైన్సు చెబుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. ఆ గ్యాసు పేరు మాకు తెలుసు, దాని ఫార్ములా తెలుసు, దాన్ని ఎట్లా తయారుచేస్తారో నోటికొచ్చు. కానీ ఆ గ్యాసులోకి దిగే మా తమ్ముడికి దాని సంగతి చెప్పాలని ఇన్నేళ్లలో ఒక్కసారీ తట్టలేదు. చదువు మా గడప దాకా వచ్చి ఆగిపోయింది, పక్కనే ఉన్న మా చిన్నాయన గడప తొక్కలేదు. ఈ తప్పు మాది. ఆ రోజు వాడికి చెప్పిన జవాబునే ఇప్పుడు మీ అందరికీ చెబుతున్నాం.

వాసన పోవడమే ప్రమాదం

ఆ గ్యాసు పేరు హైడ్రోజన్ సల్ఫైడు. గాలి తగలని చోట మలం, మురుగు, కుళ్లిన చెత్త నిలవుంటే కంటికి కనపడని సూక్ష్మజీవులు దాన్ని పుట్టిస్తాయి. మ్యాన్‌హోల్లో ఉంటుంది, సెప్టిక్ ట్యాంకులో ఉంటుంది. గాలికన్నా కాస్త బరువు గనుక అడుగునే పట్టుకుని ఉంటుంది. బురదలో బుడగలుగా ఇరుక్కుని ఉండి, మనం పార పెట్టి కదిలించినప్పుడు ఒక్కసారిగా లేస్తుంది. పైనుంచి చూసి ఏమీ లేదనుకున్నవాడు కిందికి దిగి పార వెయ్యగానే పడిపోయేది అందుకే.

దీన్ని కొలిచే లెక్క ఒకటుంది. పది లక్షల పాళ్ల గాలిలో ఈ గ్యాసు ఎన్ని పాళ్లు అనేది ఆ లెక్క. ఇంగ్లీషులో పీపీఎం అంటారు. ఒక్క పాలు కూడా నిండా లేకముందే మన ముక్కు పసిగడుతుంది. ముక్కు అంత గట్టిది. కానీ 100 పాళ్లకు చేరేసరికి నిమిషాల్లో ముక్కు చచ్చుపడుతుంది. గ్యాసు అక్కడే ఉంటుంది, వాసన తెలిసే శక్తి పోతుంది. 500 దాటితే తూలి పడిపోతాం. 700, 1000 పాళ్ల దగ్గర ఒకటి రెండు ఊపిర్లకే స్పృహ పోతుంది. తర్వాత నిమిషాలే.

అంటే మేస్త్రి చెప్పే మాట పూర్తిగా తలకిందుల మాట. వాసన పోయిందంటే గ్యాసు పోయిందని కాదు, గ్యాసు పెరిగిందని కూడా కావొచ్చు. ఈ ఒక్క మాట ఇంటికి తీసుకుపోయినా ఈ సభ పెట్టుకున్నందుకు ఫలితం దక్కినట్టే. ముక్కును నమ్మొద్దు.

మన దగ్గరున్న పాత కొలతలు

ముక్కును నమ్మొద్దంటే దేన్ని నమ్మాలి? ఈ ప్రశ్న మన పెద్దలు ఎప్పుడో వేసుకున్నారు. మా నాయన బావుల పూడిక తీసే పనికి పోయేవాడు. పాడుపడిన బావి అయితే ముందు లాంతరు వెలిగించి మోకుకు కట్టి కిందికి దించేవాడు. దీపం ఆరిపోతే దిగేవాడు కాదు. పొద్దంతా కూలి పోయినా దిగేవాడు కాదు. చదువు లేని మా నాయన చేసింది సైన్సే. కింద ఆక్సిజన్ ఉందా లేదా అని తన ప్రాణం కన్నా ముందు ఒక దీపాన్ని పంపి అడిగాడు.

బొగ్గు గనుల్లో కూడా ఇదే కథ. 1815లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ అనే ఆయన గని కార్మికుల కోసం జాలీ కప్పిన దీపం చేశాడు. మంట ఆకారం మారితే మీథేన్ ఉన్నట్టు. తర్వాత అక్కడి గనుల్లో కెనరీ అనే చిన్న పిట్టను పంజరంలో పెట్టి దించేవాళ్లు. విషవాయువుంటే మనిషి కన్నా ముందు పిట్ట సొమ్మసిల్లేది. 1986లో ఆ పిట్టల్ని ఆపేసి మిషన్లు పెట్టారు. పిట్టకు కూడా విడుదల దొరికింది. మన దేశంలో మ్యాన్‌హోల్ దగ్గర ఆ పిట్ట పని ఇంకా మనిషి చేస్తున్నాడు. వాడు పడిపోతే గ్యాసుందని పైనున్నవాళ్లకు తెలుస్తుంది. మాదిగ, మాల, రెల్లి, మెహతర్, పాకీ కులాల మనిషి ఒంటినే ఈ సమాజం కొలత మిషనుగా వాడుకుంటోంది.

మన ఆడవాళ్ల కాళ్ల దగ్గర కూడా ఒక కొలత ఉంది. సైడు కాలవల్లో పని చేసే అక్కలు తమ మెట్టెలు ఊరికే నల్లబడుతున్నాయంటారు. అది వెండి తప్పు కాదు. కాలవలో గ్యాసు తగిలి వెండి మీద నల్లటి పొర కడుతుంది. ఆ మెట్టె ఈ గాలి మంచిది కాదని చెబుతూనే ఉంది. వినేవాళ్లు లేరు.

మేము కాలేజీలో చదివినప్పుడు ఈ గ్యాసును కిప్పు జాడీ అనే గాజు పరికరంలో తయారుచేసేవాళ్లు. ప్రయోగం అయ్యాక ఆ కంపు జాడీ కడిగే వంతు ఎట్లా తిప్పినా మా దగ్గరికే వచ్చేది. ఎందుకొచ్చేదో మీకు చెప్పక్కర్లేదు. సీసపు లవణం ద్రావణంలో ముంచిన తెల్ల కాగితాన్ని ఆ గ్యాసు దగ్గర పెడితే నల్లగా మారేది. పరీక్ష కోసం ఆ కాగితం గురించి రాశాం, మార్కులొచ్చాయి. ఆ కాగితం మా తమ్ముడికి పనికొస్తుందని మాకు పాఠం చెప్పినవాళ్లూ చెప్పలేదు, మేమూ అనుకోలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. బావికి దించిన దీపాన్ని మ్యాన్‌హోల్లోకి దించొద్దు. అక్కడ మీథేన్ ఉంటే దీపం, అగ్గిపుల్ల, బీడీ ఏదైనా సరే పేలుతుంది. పైగా ఈ విషవాయువు మనిషిని చంపేంత ఉన్నా దీపం ఆరకపోవచ్చు. నాయన దగ్గర్నుంచి మనం నేర్చుకోవాల్సింది లాంతరు కాదు, ముందు అడిగి తర్వాత అడుగెయ్యాలనే బుద్ధి.

మిషను ఎట్లా కనిపెడుతుంది

ఇప్పుడు మిషను సంగతి. మీలో షుగరు ఉన్నవాళ్లు చెయ్యెత్తండి. చూశారా, ఎంతమందో. షుగరు చూసే చిన్న మిషను మీ అందరికీ తెలుసు. వేలి మీద గుచ్చి, రక్తపు చుక్కను పట్టీకి తాకిస్తే అంకె పడుతుంది. ఆ పట్టీ మీదున్న పదార్థం రక్తంలోని చక్కెరతో కలిసి సన్నని కరెంటు పుట్టిస్తుంది. చక్కెర ఎక్కువుంటే కరెంటు ఎక్కువ. ఆ కరెంటును మిషను అంకెగా చూపిస్తుంది. దీన్ని ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ అంటారు. మాట పెద్దది గానీ అర్థం ఇంతే. రసాయనాన్ని కరెంటుగా మార్చి కొలవడం. 1962లో క్లార్క్, లయన్స్ అనే ఇద్దరు అమెరికాలో దీనికి దారి వేశారు.

గ్యాసు మిషను కూడా ఇదే జాతి. టార్చిలైటు బ్యాటరీలో లోపలి రసాయనం మారి కరెంటు పుడుతుంది గదా. ఈ మిషనులో బయటి గ్యాసే ఆ రసాయనం. సన్నని పొరలోంచి గ్యాసు లోపలికి పోతుంది. అక్కడ లోహపు పలక, దాని చుట్టూ ద్రావణం ఉంటాయి. ఒక్కో గ్యాసు అణువు ఆ పలక మీద మారిపోతూ ఎనిమిది ఎలక్ట్రాన్లు వదులుతుంది. అణువులు ఎక్కువైతే కరెంటు ఎక్కువ. సాధారణంగా 10 పాళ్లకే గణగణ మోగేటట్టు పెడతారు. ముక్కు చచ్చుపడే 100 కన్నా, మనిషి పడిపోయే 500 కన్నా ఎంతో ముందు.

మ్యాన్‌హోల్ దగ్గర వాడే చేతి మిషను ఒకేసారి నాలుగు సంగతులు చూస్తుంది. ఒకటి, ఆక్సిజన్ సరిపడా ఉందా. మామూలు గాలిలో నూటికి 20.9 పాళ్లుంటుంది, 19.5 కన్నా తగ్గితే మోగుతుంది. రెండు, ఇప్పుడు చెప్పిన హైడ్రోజన్ సల్ఫైడు. మూడు, కార్బన్ మోనాక్సైడు. బావిలో ఆయిలింజను పెట్టి నడిపితే పొగతో వచ్చేది ఇదే, దీనికి వాసనే ఉండదు. నాలుగు, పేలే గ్యాసు, అంటే మీథేన్ లాంటిది. గాలిలో నూటికి 5 పాళ్లు మీథేన్ చేరితే నిప్పురవ్వకే అంటుకుంటుంది.

ఈ మిషను అరచేతిలో పడుతుంది, చొక్కాకు తగిలించుకోవచ్చు. కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. దశాబ్దాలుగా బజారులో ఉంది.

ఇంకో మాట. రాత్రిపూట సెంటర్లలో పోలీసులు మోటారు సైకిలు ఆపి నోట్లో గొట్టం పెట్టి ఊదమంటారు. తాగాడా లేదా చూస్తారు. ఆ మిషన్లలో చాలావాటిలో ఉండేది ఇదే జాతి సెన్సరు. తాగినవాడి ఊపిరిని కొలిచి జరిమానా వెయ్యడానికి ఈ రాజ్యం దగ్గర మిషనుంది. మ్యాన్‌హోల్లో దిగేవాడి ఊపిరి నిలపడానికి అదే జాతి మిషను కొనమంటే బడ్జెట్టు లేదంటారు. పోలీసులు కొలవొద్దని మేము అనడం లేదు, అక్కడా మనవాళ్ల ప్రాణాలున్నాయి. మరి ఇక్కడెందుకు కొలవరని అడుగుతున్నాం.

నానో అంటే ఏమిటి

ఈమధ్య పేపర్లలో నానో సెన్సర్లని రాస్తున్నారు. అదేదో పెద్దోళ్ల సంగతని భయపడొద్దు. ఒక మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క నానోమీటరు. అంత సన్నగా పదార్థాన్ని నూరితే ఏమవుతుంది? ఒక సెంటీమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న చక్కెర బిళ్ల అనుకోండి. దాని పైభాగాలన్నీ కలిపి కొలిస్తే 6 చదరపు సెంటీమీటర్లు, తపాలా బిళ్లంత. అదే బిళ్లను ఒక్కో నానోమీటరు ముక్కలుగా చేసి ఆ ముక్కలన్నిటి పైభాగాలు కలిపి కొలిస్తే 6,000 చదరపు మీటర్లు. మన లెక్కలో దాదాపు ఎకరంన్నర. తరతరాలుగా సెంటు భూమి లేనివాళ్లం మనం, చక్కెర బిళ్లలో ఎకరంన్నర దాగుందంటే నవ్వొస్తుంది. కానీ నిజం.

గ్యాసు అణువు వాలేది పైభాగం మీదే. ఆ చోటు ఎంత ఎక్కువుంటే కొద్దిపాటి గ్యాసును అంత తొందరగా పట్టుకోవచ్చు. అందుకే ప్లాటినం, బంగారం, బొగ్గు, తగరపు ఆక్సైడు లాంటివాటిని నానో రేణువులుగా, సన్నని తీగలుగా చేసి సెన్సర్లలో వాడుతున్నారు. తగరపు ఆక్సైడులో కాస్త రాగి ఆక్సైడు కలిపితే ఈ మురుగు గ్యాసు తగలగానే రాగి ఆక్సైడు రాగి సల్ఫైడుగా మారిపోయి కరెంటు ధారాళంగా పారుతుంది. మెట్టె నల్లబడటం లాంటి మార్పే ఇది. అక్కల కాలికి తెలిసింది ల్యాబులో పరికరమైంది.

ఇంకో రకం వెలుగుతో చెప్పేది. కొన్ని నానో రేణువుల మీద కంటికి కనపడని అతినీల కిరణం పడితే అవి మిణుగురుల్లా వెలుగుతాయి. చిత్రమేమంటే పదార్థం ఒకటే అయినా రేణువు చిన్నదైతే నీలంగా, పెద్దదైతే ఎర్రగా వెలుగుతుంది. ఇట్లాంటి క్వాంటం డాట్లను కనిపెట్టి తయారుచేసినందుకు మౌంగి బావెండి, లూయిస్ బ్రూస్, అలెక్సీ ఎకిమోవ్‌లకు 2023లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. బొగ్గు జాతి చుక్కలు కూడా ఉన్నాయి. నిమ్మరసం లాంటిదాన్ని మూసిన పాత్రలో బాగా వేడిచేసి కూడా వాటిని చెయ్యొచ్చు.

వెలుగుతో గ్యాసును ఎట్లా పడతారు? వెలిగే పదార్థానికి రాగిని అంటిస్తే వెలుగు ఆరిపోతుంది. హైడ్రోజన్ సల్ఫైడుకు రాగి అంటే వల్లమాలిన ఆశ. అది వచ్చి రాగిని లాక్కుపోతుంది. రాగి పోగానే వెలుగు మళ్లీ వస్తుంది. అంటే ఆరిన దీపం వెలిగితే విషం ఉన్నట్టు. మా నాయన లాంతరులో దీపం ఆరితే ప్రమాదం, ఇక్కడ వెలిగితే ప్రమాదం. దారి వేరైనా అడిగే ప్రశ్న ఒకటే.

ఇవి చాలావరకు ఇంకా ల్యాబుల్లోనే ఉన్నాయి. చెమ్మకు, వేడికి, మురుగులోని పది రకాల ఆవిర్లకు తట్టుకుని ఏళ్ల తరబడి నిలవడం వాటికి కష్టంగా ఉంది. కొన్ని క్వాంటం డాట్లలో కాడ్మియం అనే విషలోహం ఉంటుంది. అవి పాడైపోతే చెత్తకుప్పలో ఏరేది ఎవరు? మళ్లీ మనమే. కాబట్టి కొత్తది వచ్చిందని చప్పట్లు కొట్టేముందు ఇది కూడా అడగాలి.

అసలు మాట చెబుతాం, వినండి. రేపు నానో మిషను వస్తుంది, అప్పుడు మీ కష్టాలు తీరతాయి, అంతదాకా ఆగండి అని ఎవరైనా అంటే నమ్మొద్దు. మన ప్రాణాలు నిలపడానికి పాత మిషను చాలు. లోటు సైన్సులో లేదు.

లోటు ఎక్కడుంది

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో మణుగూరు దగ్గర అశ్వాపురంలో భారజల కర్మాగారం ఉంది. అణు విద్యుత్తుకు కావలసిన భారజలాన్ని 1991 నుంచి అక్కడ తయారుచేస్తున్నారు. ఆ పనికి వాడే గ్యాసు ఏమిటో తెలుసా? ఇదే హైడ్రోజన్ సల్ఫైడు. టన్నులకొద్దీ వాడతారు. అక్కడ గ్యాసు కనిపెట్టే మిషన్లున్నాయి, మోగే గంటలున్నాయి, లీకైతే ఎటు పరుగెత్తాలో నేర్పే తర్ఫీదు ఉంది. ఉండాల్సిందే. కానీ ఈ గ్యాసు సంగతి ప్రభుత్వానికి తెలియదని ఇక ఎవరూ అనలేరు. అణు కర్మాగారం కోసం ఎప్పుడో తెలుసుకున్నారు. మన కోసం తెలుసుకోవాల్సి వచ్చినప్పుడే తెలియనట్టుంటారు.

2018 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా పలమనేరు మండలంలో ఒక కోళ్ల హేచరీ మురుగు ట్యాంకులో ఏడుగురు చనిపోయారు. 2015 నవంబరులో కేరళలోని కోళికోడ్‌లో ఆంధ్ర నుంచి వలసపోయిన ఇద్దరు కూలీలు మ్యాన్‌హోల్లో పడిపోతే, కాపాడబోయిన అక్కడి ఆటో డ్రైవరు కూడా పోయాడు. ఆ ఘటన చూసి కదిలిన కొందరు కేరళ కుర్రాళ్లు మ్యాన్‌హోల్లోకి దిగే రోబో తయారుచేశారు. 2018లో తిరువనంతపురంలో పనిలో పెట్టారు. పేరు బాండికూట్. ఈ మాట ఎక్కడిదో తెలుసా? మన తెలుగు పందికొక్కు ఇంగ్లీషులోకి పోయి బాండికూట్ అయింది. మన మాట సముద్రం దాటిపోయి మిషను పేరై తిరిగొచ్చింది. ఆ మిషను మీ మునిసిపాలిటీకి వచ్చిందా? వచ్చి ఉంటే షెడ్డులో ఉందా, పనిలో ఉందా? పోయి చూడండి. హైదరాబాద్ జలమండలి 2017లో 70 చిన్న జెట్టింగు యంత్రాలు తెచ్చి దళిత యువకుల చేతికిచ్చింది. అంటే తలుచుకుంటే అవుతుంది.

చట్టం కూడా ఉంది. మనుషులతో పాకీ పని చేయించడాన్ని నిషేధించే 2013 చట్టం, బాబాసాహెబ్ వర్ధంతి రోజున, 2013 డిసెంబరు 6న అమల్లోకి వచ్చింది. రక్షణ లేకుండా మనిషిని మురుగు కాలవలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దించితే మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. ఆ చట్టం కింది నియమాల్లో ఇవ్వాల్సిన సామాన్ల జాబితా ఉంది. అందులో నాలుగు వాయువుల మానిటర్ కూడా ఉంది. అంటే ఆ మిషను ఎవరి దయా కాదు. కోలార్ బంగారు గనుల దగ్గర తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ నడిపించిన సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకెక్కితే 2014 మార్చి 27న తీర్పొచ్చింది. 1993 నుంచి ఇట్లా చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వమన్నారు. 2023 అక్టోబరు 20న దాన్ని 30 లక్షలు చేశారు.

తీర్పులొచ్చాయి. మరి నేల మీద? 2025లో పార్లమెంటు ముందుకొచ్చిన సోషల్ ఆడిట్‌లో 54 చావుల్ని పరిశీలిస్తే 49 మంది ఒంటి మీద ఏ రక్షణ సామానూ లేదు.

చచ్చిన మిషను సున్నా చూపిస్తుంది

మిషను గురించి ఒక ముఖ్యమైన సంగతి మిగిలింది. సెన్సరు కూడా అరిగిపోతుంది. లోపలి ద్రావణం ఎండుతుంది, పలక పాడవుతుంది. రెండు మూడేళ్లకు చాలావాటిని మార్చాలి. మధ్యలో తెలిసిన గ్యాసును దాని ముందు వదిలి మోగుతుందా లేదా చూస్తుండాలి. చూడకపోతే ఏమవుతుందంటే, పాడైన సెన్సరు గ్యాసు ఎంతున్నా సున్నా చూపిస్తుంది. మంచి గాలికీ సున్నాయే, చచ్చిన మిషనుకూ సున్నాయే. ఆ సున్నాను నమ్మి దిగినవాడు తిరిగి రాడు.

ప్రభుత్వం లెక్క కూడా ఇట్లాంటిదే. 2021 జూలైలో పార్లమెంటులో అడిగితే, మాన్యువల్ స్కావెంజింగు వల్ల ఎవరూ చనిపోలేదని కేంద్ర మంత్రి చెప్పారు. అంటే సున్నా. అదే ప్రభుత్వం మురుగు కాలవల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయినవాళ్ల లెక్క మాత్రం వేరేగా, వందల్లో చెబుతుంది. అది ప్రమాదకర పని, ఇది స్కావెంజింగు అని మాటలు విడగొట్టి మధ్యలో మన శవాల్ని మాయం చేశారు. సున్నా చూపిస్తున్నారంటే గాలి బాగుందని కాదు, కొలిచేవాడిలో స్పందన చచ్చిందని.

మిషను వచ్చాక ఇంకో ప్రమాదం ఉంది. "మీటరు పచ్చగా చూపిస్తోంది, దిగరా" అంటారు. పైన పెట్టి చూసిన అంకె అడుగున పనికిరాదు. గొట్టం దించి పైన, మధ్యన, అడుగున చూడాలి. బురద కదిపితే అంకె క్షణాల్లో మారుతుంది. అందుకే మన కోరిక మంచి మిషను ఇచ్చి దించమని కాదు. అసలు దించొద్దని. మిషను మనిషికి తోడు రావడం కాదు, మనిషి బదులు పోవాలి.

ఏం చేద్దాం

పని ఇక్కడినుంచి మొదలు పెడదాం.

1. ప్రతి మునిసిపాలిటీలో, ప్రతి సెప్టిక్ ట్యాంకు లారీ దగ్గర నాలుగు గ్యాసుల మిషను ఉందా అని సమాచార హక్కు కింద అడుగుదాం. ఉంటే ఎప్పుడు కొన్నారు, చివరిసారి ఎప్పుడు పరీక్షించారు అని కూడా అడుగుదాం. అర్జీ రాయడం రానివాళ్లకు మేము రాసిపెడతాం.

2. అంకె మేస్త్రి చూసి చెప్పేది కాదు, కార్మికుడు తన కళ్లతో చూసేది కావాలి. మిషను వాడకం తెలుగులో నేర్పాలి.

3. దిగనన్నవాడి పని పోకూడదు. ఒకరిని తీసేస్తే మిగిలినవాళ్లు ఆ మూత ముట్టుకోకూడదు. ఇది సంఘం ఉంటేనే అవుతుంది.

4. ఒకడు లోపల పడిపోతే వెంటనే వెనకాల దూకొద్దు. ఇది చెప్పడం మాకూ కష్టమే. లోపలున్నది తమ్ముడో, బావమరిదో అయి ఉంటాడు. అయినా దూకొద్దు. మూతి గుడ్డ ఈ గ్యాసును ఆపదు. 101కి, 112కి ఫోన్ చెయ్యండి, చుట్టూ జనాన్ని దూరం జరపండి. నడుముకు తాడు కట్టి ఉంటే పైనుంచే లాగండి. గాలి సిలిండరున్న ఫైరువాళ్లే దిగాలి. పలమనేరు, కోళికోడ్ మనకు చెప్పిన పాఠం ఇదే.

5. చావు జరిగితే ప్రమాదమని రాయనియ్యొద్దు. 2013 చట్టంతో పాటు ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద కూడా కేసు పెట్టించాలి. 2016 జనవరి 26న అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ఎస్సీలతో పాకీ పని చేయించడమే ఆ చట్టం కింద నేరం. శవం దగ్గర బేరం పెట్టి కొద్దిపాటి డబ్బుతో రాజీ చేయించే పెద్దమనుషుల్ని రానియ్యొద్దు.

6. చదువుకున్నవాళ్లకు ఒక మాట. మనం ఉద్యోగాల్లోకి పోయి వాడ వైపు చూడటం మానేస్తే మన చదువు కూడా చచ్చిన సెన్సరే. పిల్లల్ని సైన్సు గ్రూపులో చేర్పిద్దాం. హాస్టళ్లలో ల్యాబు కావాలని కొట్లాడదాం. మన పిల్ల రేపు ఆ నానో సెన్సరు తయారుచేసే ల్యాబులో ఉంటే, ఇది మ్యాన్‌హోల్ దగ్గర నిలుస్తుందా అనే ప్రశ్న ముందు ఆ పిల్లకే తడుతుంది.

మా తమ్ముడి సంగతి చెప్పి ముగిస్తాం. ఆ రోజు అన్నం దగ్గర ఇదంతా చెబితే వాడు సేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకు తెలిసింది సరే అన్నా, నేనొక్కణ్ణే దిగనంటే రేపు ఇంకోణ్ణి తెస్తారు. వాడూ మనోడే గదా" అన్నాడు. వాడన్నది నిజం. మాకు తెలిసిన సైన్సులో దానికి జవాబు లేదు. దానికి జవాబు ఈ సభలో ఉంది. ఆ ఇంకోడు ఈరోజు ఇక్కడ మన మధ్యే కూర్చుని ఉన్నాడు. వాడు కూడా దిగనంటే మూత దగ్గరికి మిషను వచ్చి తీరుతుంది.

మిషను దిగాలి, మనిషి కాదు. ఈ మాట ప్రతి వాడకూ చేర్చండి.

జై భీమ్.